చంద్రయాన్-1 : చంద్రమండల పటరచన

దామంజోడి వాసులకు అల్యూమినియపు కథ క్రొత్త కాదు. పంచపట్‌మలి కొండపై త్రవ్విన బాక్సైటే ఇచ్చటి కర్మాగారమున అల్యూమినాగా మారుచున్నది. తూర్పు కనుమల యందలి ఖొండలైటు శిలలను యుగయుగములుగా వాననీరు కడుగగా, కరగు పదార్థములు కొట్టుకొనిపోయి, అల్యూమినియపు సమ్మేళనములు మిగిలి బాక్సైటు ఏర్పడినది. అనగా ఈ ఖనిజము నీటి సృష్టి. అదే లోహము వాన యెరుగని చంద్రుని ఉన్నత భూములందును విస్తారముగా కలదు. ఈ వింతను, చంద్రునిపై నీటి జాడను గూడ పరిశీలించిన నౌక చంద్రయాన్-1.

1969లో అపోలో-11 తెచ్చిన శిలలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, ఆదియందు చంద్రతలము శిలాద్రవ సముద్రమై యుండెననియు, అది చల్లారునపుడు తేలికయైన ఫెల్డ్‌స్పారు ఖనిజము పైకి తేలి పెంకుగా గట్టిపడెననియు ఊహించిరి. అల్యూమినియము ఆ ఖనిజమున ఇమిడియున్నది. ఆ శిలలలో నీరు కానరానందున చంద్రుడు కేవలము శుష్కమను అభిప్రాయము స్థిరపడెను. అయితే కొన్ని చోట్ల దొరకిన రాళ్లను బట్టి గోళమంతటిని నిర్ణయించుట యెట్లు? అందులకు పటము కావలెను.

2008 అక్టోబరు 22న నాటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.-సి11 రాకెట్టు ఈ నౌకను మోసికొని లేచెను. నవంబరు 12 నాటికి నౌక చంద్రతలమునకు 100 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువముల మీదుగా తిరుగజొచ్చెను. అడుగున చంద్రుడు తన చుట్టు తాను తిరుగుచుండుటచే ప్రతి ప్రదక్షిణమునను క్రొత్త పట్టీ కంటబడెడిది. 11 పరికరములలో 5 స్వదేశీయములు. భారతీయ కెమెరా ఒకే చోటును ముందు నుండియు, నేరుగా పై నుండియు, వెనుక నుండియు చూచి, 5 మీటర్ల వివరముతో ఎత్తుపల్లములను గ్రహించెను. సూర్యుని ఎక్స్ కిరణములు సోకినపుడు శిలలు వెలార్చు కిరణములను వేరొక పరికరము కొలిచి, అల్యూమినియము మున్నగు మూలకములను గుర్తించెను. నాడు సూర్యుడు ప్రశాంతముగా నుండుటచే ఆ కొలతలు కొద్ది ప్రాంతములకే పరిమితమయ్యెను. అమెరికా వారి ఖనిజ పటరచనా యంత్రము మాత్రము స్వచ్ఛమైన ఫెల్డ్‌స్పారు శిలలను కనుగొని పూర్వపు ఊహకు బలము చేకూర్చెను.

నౌక ఆయువు 2 సంవత్సరములని నిర్ణయింపబడియుండెను. కాని నక్షత్రములను చూచి దిక్కు తెలిసికొను సాధనములు చెడినవి; 312 దినములకే, 2009 ఆగస్టు 29న, భూమితో సంబంధము తెగిపోయెను. మరుసటి నెలలో, ఆ అమెరికా యంత్రమే చంద్రతలమున నీటి యొక్కయు, హైడ్రాక్సిలు యొక్కయు జాడలను కనుగొన్నదని ప్రకటింపబడెను. నౌక మూగవోయిన పిదప దాని పటము పలికెను. ఆ నీరు బాక్సైటును చేయజాలినంత కాదు. కాని చంద్రుడు కేవలము శుష్కమను 40 ఏండ్ల నిశ్చయమును సవరించుటకు అది చాలినది.