బడి పిల్లలకు పురుగుమందుల నుంచి రక్షణ (ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు)

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం మన్యం మొదలయ్యే ఈ ప్రాంతంలో (2016 అక్టోబరు నుంచి ఎక్కువ భాగం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) పత్తి, మిరప ముఖ్య వాణిజ్య పంటలు. పోడు భూముల్లోకీ ఇవి పాకాయి. మందు కొట్టేటప్పుడు గాలివాటున బడి మీదికి వచ్చే తుంపర పిల్లలకు విషం చేరే దారుల్లో ఒకటి మాత్రమే. తండ్రి విడిచిన చొక్కా, కడిగి నీళ్లకో నూనెకో వాడుకునే ఖాళీ డబ్బా, మిరపకాయలు ఏరే తల్లి వెంట చేలో గడిచే సెలవు రోజు కూడా దారులే. కనుక బడిని కాపాడే అసలు నిర్ణయం చేలో జరగాలి.

మెక్సికోలోని యాకీ లోయ పిల్లలపై ఎలిజబెత్ గిలెట్ బృందం 1998లో ప్రచురించిన పరిశీలన ఇక్కడ ప్రస్తావించదగినది. మందులు విరివిగా వాడే లోయలోని నాలుగైదేళ్ల పిల్లలు మనిషి బొమ్మ గీయమంటే చాలావరకు పిచ్చిగీతలే గీశారు. కొండపాదాల పిల్లల బొమ్మల్లో మనిషి పోలిక కనిపించింది. గ్రీన్‌పీస్ ఇదే తరహా పరీక్షలను 2003–04 ప్రాంతంలో పొరుగునున్న వరంగల్ జిల్లాతో సహా ఆరు రాష్ట్రాల్లోని ఊళ్లలో జరిపి, ఇంచుమించు అలాంటి తేడానే చూపింది. తేడాకు పేదరికం కారణం కావచ్చునన్న అభ్యంతరం తోసిపుచ్చదగింది కాదు. అయితే యాకీ పిల్లల రెండు గుంపులదీ ఒకే తెగ, దాదాపు ఒకే తిండి కావడంతో అక్కడ ఆ వాదనకు బలం తగ్గుతుంది. మందు వంటలోకి చేరితే ఏమవుతుందో చూపే సాక్ష్యం మాత్రం ఉంది: 2013 జులైలో బీహార్‌లోని గండామన్ బడిలో మోనోక్రోటోఫాస్ కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు.

కాలిఫోర్నియా 2018 నుంచి బడి పనివేళల్లో పావు మైలు లోపల కొన్ని రకాల పిచికారీని నిషేధించింది. మన 1968 క్రిమిసంహారక మందుల చట్టంలో బడికీ చేనుకీ మధ్య దూరం ప్రస్తావన కనిపించదు. 1971 నియమాలు మాత్రం ఖాళీ డబ్బాలను పగలగొట్టి ఊరికి దూరంగా పాతిపెట్టాలంటాయి. దూరం నియమం మంచిదే అయినా, చొక్కానూ డబ్బానూ అది ఆపలేదు.

పాల్వంచ మండలం పునుకుల ఈ దారులన్నిటినీ ఒకేసారి తగ్గించిన ఊరు. సెక్యూర్ అనే స్థానిక సంస్థ, హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడ్పాటుతో రైతులు వేపగింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతో పురుగును అదుపు చేశారు. ఊరు మందులు మానిన ఏడాదిని కొందరు 2003 అని, కొందరు 2004 అని రాశారు; వాడకం ముందే ఆగిందని, ప్రకటన తర్వాత వచ్చిందని అనుకుంటే రెండూ పొసగుతాయి. దిగుబడి పడిపోతుందన్న భయం సహజమే. కానీ 2021–22లో నల్ల తామర పురుగు ఖమ్మం మిరపను ముంచినప్పుడు, పదేపదే కొట్టిన మందులూ చాలా తోటలను నిలబెట్టలేకపోయాయి.

మన్యంలో మలేరియా నివారణకు ఇళ్ల గోడలపై కొట్టే మందును చేలో కొట్టే మందుతో కలిపి చూడకూడదు. అక్కడ మానేస్తే పిల్లలకే ఎక్కువ ముప్పు. చేను మందు విషయంలో అలాంటి ఇరకాటం లేదు. ఊరంతా మానేదాకా బడి వేళల్లో పిచికారీ ఆపడం, ఏ మందు డబ్బానూ వంటగది గుమ్మం దాటనివ్వకపోవడం తక్షణం చేయదగినవి.