సెల్యులర్ జైలుకు ముందరి బందీలు

అండమాన్‌కు పోయే యాత్రికులు ముందుగా చూచేది సెల్యులర్ జైలును. ఆ కట్టడము 1906లో గాని పూర్తికాలేదు. 1858లో అక్కడికి చేర్చబడిన 1857 తిరుగుబాటు ఖైదీలకు సముద్రమే గోడ. చాథం, రాస్ దీవులలో వారిచేత అడవి నరికించారు.

తర్కశాస్త్రములో మహాపండితులైన మౌలానా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ ద్వీపాంతరవాస శిక్షననుభవిస్తూ 1861లో అక్కడే కన్నుమూశారు. తిరుగుబాటు వృత్తాంతమును అరబ్బీలో వ్రాసినదీ ఆ నిర్బంధములోనే. జైలు గదులలో ఆయన కోసం వెదకడం వృథా. ఆయన మజార్ వేరొకచోట ఉన్నది.

మనకు మరింత దగ్గరివారు హైదరాబాదు మౌల్వీ అలావుద్దీన్. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించి, పిమ్మట పట్టుబడి అండమాన్ చేరారు. మరల స్వస్థలము చూడలేదు. తుర్రెబాజ్ ఖాన్‌కు కోఠీలో స్మారకస్తంభమున్నది. మౌల్వీ సాహెబ్ కోసం ద్వీపమునకు పోయే హైదరాబాదీలు జైలు ముందు ఛాయాచిత్రము తీయించుకొని తిరిగివస్తే, ఆయన గడిపిన చోటును చూడనట్లే.