విషవాయువునకు సాక్షియైన రంగు

ధర్మవరము పేరు వినగానే మనకు పట్టుచీర జ్ఞప్తికి వచ్చును. ఆ చీర మగ్గ మెక్కుటకు ముందు నూలు అద్దకపు తొట్టిలో మునిగి తేలును. పట్టు నద్దు రంగుల వంశములో పుట్టిన యొక రంగు నేడు జీవకణములలోని విషవాయువులను పట్టి చూపుచున్నది. ఆ చరిత్రను మేమిచట క్లుప్తముగా వివరింతుము.

పాడుబావిలో దిగుటకు ముందు దీపమును దించి చూచుట మన పెద్దల యలవాటు. దీప మారినచో మనిషి దిగరాదు. కాని దీపము ప్రాణవాయువు కొరతను మాత్రమే తెలుపగలదు. మురుగునుండి పుట్టు హైడ్రోజన్ సల్ఫైడును ముక్కు మొదట కుళ్లిన గ్రుడ్ల వాసనగా గుర్తించును. గాలిలో పదిలక్షల పాళ్లకు 100 పాళ్లు చేరెనా, కొలది నిమిషములలో ముక్కే మొద్దుబారును. కార్బన్ మోనాక్సైడునకు వాసనయే లేదు.

1890 దశాబ్దములో ఇంగ్లండు బొగ్గుగనుల మరణములను పరిశీలించిన జాన్ స్కాట్ హాల్డేన్, చిన్నప్రాణులను గనులలోనికి తీసికొనిపోవలెనని సూచించెను. అటుపిమ్మట కానరీ పిట్టలు 1986 వరకు అచటి గనులలో కాపలా కాచినవి. పిట్ట సోలిపోయినగాని మనిషికి ప్రమాదము తెలియదు.

మరియొక దారి రంగులవారు వేసిరి. కాంతిని గ్రహించి వేరొక వన్నెతో వెలుగు గుణమునకు 1852లో స్టోక్స్ పేరు పెట్టెను. మనము దానిని ప్రతిదీప్తి యందుము. 1871లో బేయర్ ఫ్లోరెసీనును తయారుచేసెను. 1887లో వచ్చిన రోడమీను పట్టునకు మెరుగైన గులాబివన్నె నిచ్చెను.

2011లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున క్రిస్టఫర్ చాంగ్ బృందము రోడమీను వంటి యొక రంగునకు అజైడను పరమాణుగుచ్ఛమును తగిలించెను. దానితో రంగు వెలుగు కోల్పోవును. హైడ్రోజన్ సల్ఫైడు తగిలినపుడు అజైడు మారిపోయి, సూక్ష్మదర్శినిలో కణము వెలుగును. మరుసటి యేడు వారే పల్లాడియమును చేర్చి కార్బన్ మోనాక్సైడును చూపగల రంగును గూడ చేసిరి.

ఇట్లు బ్రతికియున్న కణములో చూచుట యెందుకు? ఈ వాయువులను మన దేహమే అత్యల్పముగా పుట్టించి, వార్తాహరులుగా వాడుకొనును. ఎంతవరకు మేలు, ఎచట విషమగుననునది మృతదేహ పరీక్ష చెప్పజాలదు.

అయినను ఈ రంగు ప్రయోగశాలకు చెందినది; గుంటలో దిగువానిని కాపాడలేదు. రక్షణ లేక మనుష్యులను మురుగుతొట్లలోనికి దించుటను మన దేశమున 2013 నాటి చట్టము నిషేధించెను. మరణములు మాత్రము ఆగలేదు. నాటి పెద్దలు ముందుగా దీపమును దించిరి. మనిషిని దించుటకు ముందు ఆగి చూచు ఆ యలవాటును మనము విడువరాదు.