మ్యూట్‌లో ఉండిపోయిన గొంతు

మొన్నామధ్య ఆఫీసులో ఓ కాన్ఫరెన్స్ కాల్. మా టీమ్‌లో ఒకావిడ ట్రాన్స్‌జెండర్ మహిళ. (ఆవిడకి చెప్పే రాస్తున్నాను.) అరగంటలో అవతలి క్లయింటు ఆవిణ్ణి నాలుగుసార్లు "సర్" అన్నాడు. పాపం అతను కావాలని అన్లేదు, వినపడేది గొంతొక్కటే కదా! ఆ తర్వాత నుంచి ఆవిడ మైకు మ్యూట్‌లో పెట్టి, చాట్‌లో టైప్ చెయ్యడం మొదలెట్టారు.

హార్మోన్లు వాడితే గొంతు కూడా మారిపోతుందనుకునేవాణ్ణి నేను. మారదట. ఈడొచ్చే వయసులో టెస్టోస్టెరాన్ వల్ల స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి. తర్వాత ఎంత ఈస్ట్రోజెన్ వాడినా అవి వెనక్కి తగ్గవు, పొడుగు పెరిగిన మనిషి మళ్ళీ పొట్టి కానట్టే. మగ గొంతు పిచ్ సుమారు 120 హెర్ట్జ్, ఆడ గొంతుది 200 అనుకోండి. ఆ తేడా అలాగే ఉండిపోతుంది.

మరి డాక్టర్లు ఏం చేశారు? మన బొబ్బిలి వీణతో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది.

1974లో జపాన్ డాక్టర్ నొబుహికో ఇష్షికి గొంతు ఆపరేషన్లని నాలుగు రకాలుగా వివరించాడు. నాలుగోది పిచ్ పెంచడానికి. రెండు మృదులాస్థుల్ని దగ్గరికి లాగి కుట్టేస్తే తంత్రులు బిగుసుకుంటాయి. అంటే బిరడా తిప్పడమన్నమాట. చిక్కేంటంటే, కొన్నాళ్ళకి ఆ బిగువు సడలి పిచ్ మళ్ళీ దిగొచ్చు. 1990 ప్రాంతంలో జర్మనీ డాక్టర్ యుర్గెన్ వెండ్లర్ ఇంకో దారి పట్టాడు. తంత్రుల ముందు భాగాన్ని కలిపి కుట్టి, కదిలే పొడవు తగ్గించాడు. ఇది మెట్టు మీద తీగ నొక్కడం. కానీ గొంతు బొంగురుపోవడం, గట్టిగా అరవలేకపోవడం లాంటి ఇబ్బందులుండొచ్చు.

ఇంతకీ పిచ్ ఒక్కటే కాదు కథ. పాతకాలం టెలిఫోన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే పంపేది. ఇందాకటి 120, 200 రెండూ అందులో లేవు! అయినా ఫోనెత్తగానే ఆడో మగో పోల్చేసేవాళ్ళం. పైనుండే హార్మోనిక్స్ వల్ల, ముఖ్యంగా గొంతూ నోరూ కలిసి ఇచ్చే రెజొనెన్స్ వల్ల. వీణకి కుండ ఎలాగో అలాగ. ఆ రెండు ఆపరేషన్లూ తీగ దగ్గరే ఆగిపోతాయి. కుండని మార్చేది సాధన, అంటే స్పీచ్ థెరపీ. ట్రాన్స్‌జెండర్ ఆరోగ్యం మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూపాత్ 2011 నాటి ప్రమాణాల్లో గొంతు గురించి ఒక భాగం రాసింది, 2022లో ఏకంగా ఒక అధ్యాయమే ఇచ్చింది.

థెరపిస్టు దొరకనివాళ్ళు గొంతు నొక్కిపట్టి సొంతంగా సన్నగా మాట్లాడబోతే, సాయంత్రానికి కండరాలు పట్టేసి నొప్పి, బొంగురు. నొప్పి పుడితే ఆపెయ్యాలి, నీళ్ళు తాగాలి, గొంతుకి విశ్రాంతినివ్వాలి. బొంగురు వారాల తరబడి తగ్గకపోతే ఈఎన్‌టీకి చూపించాలి.

ఇదే గొంతుని మన సినిమాల్లో కామెడీకి వాడుకుంటుంటే ఎన్నేళ్ళు నవ్వామో! నేనూ నవ్వినవాణ్ణే.

గొంతు మార్చుకోవాలా వద్దా అన్నది ఆవిడిష్టం. పోయినవారం కాల్ మొదట్లోనే పేరు చెప్పి, "ఈ మాడ్యూల్ మేడమ్‌ది, ఆవిడే చెప్తారు" అన్నాను. నాకు పట్టింది ఐదు సెకన్లు. ఆవిడ మ్యూట్ తీశారు. మాట్లాడింది రెండే వాక్యాలనుకోండి.