పోషక కుటుంబాల్లో పిల్లల చదువు: చట్టం ఏం చెబుతోంది? సంరక్షకులు ఏం చేయవచ్చు?

తల్లిదండ్రుల ఆలన కరవైన పిల్లలను సంస్థల్లో కాకుండా కుటుంబ వాతావరణంలో పెంచేందుకు బాల న్యాయ (బాలల సంరక్షణ, పరిరక్షణ) చట్టం-2015 ‘ఫోస్టర్ కేర్’ విధానాన్ని పొందుపరిచింది. ఇది దత్తత కాదు. బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మేరకు నిర్ణీత కాలం పాటు బిడ్డను తమ ఇంట ఉంచుకొని పెంచే బాధ్యతను పోషక కుటుంబం స్వీకరిస్తుంది. ఆ కాలం స్వల్పమే అయినా, బిడ్డ చదువు కొనసాగడమా, ఆగిపోవడమా అన్నది చాలాసార్లు అప్పుడే తేలుతుంది.

చట్టపరమైన బాధ్యత

బిడ్డకు విద్య, ఆరోగ్యం, పోషకాహారం అందించవలసిన బాధ్యత పోషక కుటుంబానిదేనని చట్టంలోని 44వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. పిల్లల బాగోగులను కమిటీ ప్రతి నెలా పరిశీలించాలి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో సవరించిన మార్గదర్శకాలు దంపతులతో పాటు అవివాహితులు, వితంతువులు, విడాకులు పొందినవారికి కూడా ఈ అవకాశం కల్పించాయి. ఒంటరి పురుషులు మాత్రం బాలురనే స్వీకరించవచ్చు. ఈ విధానం ప్రధానంగా ఆరేళ్లు పైబడిన పిల్లల కోసం ఉద్దేశించినది. అంటే కొత్త ఇంట అడుగుపెట్టే బిడ్డ దాదాపుగా బడి ఈడు వచ్చినవారే.

బడి మారినప్పుడు

ఇల్లు మారితే తరచుగా బడి కూడా మారుతుంది. సాధ్యమైనంత వరకు విద్యా సంవత్సరం మధ్యలో మార్పు లేకుండా చూడాలి. మార్పు తప్పనిసరైతే విద్యా హక్కు చట్టం-2009 అండగా నిలుస్తుంది. బదిలీ ధ్రువపత్రం రావడం ఆలస్యమైందన్న కారణంతో గానీ, వయసు ధ్రువీకరణ లేదన్న కారణంతో గానీ ప్రాథమిక విద్యలో ప్రవేశం నిరాకరించరాదు. చదువు మధ్యలో ఆపిన పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, తోటివారితో సమానంగా చదవగలిగేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

బిడ్డ సంరక్షణ బాధ్యత వహిస్తున్న వ్యక్తిని కూడా ఈ చట్టం సంరక్షకులుగానే పరిగణిస్తుంది. కాబట్టి పోషక తల్లిదండ్రులు సంకోచం లేకుండా తల్లిదండ్రుల సమావేశాలకు హాజరు కావాలి. కమిటీ ఉత్తర్వు, మార్కుల పత్రాలు, టీకాల వివరాలు ఒకే చోట భద్రపరిస్తే, బిడ్డ మరో ఇంటికి వెళ్లినా చదువు వివరాలు వెంట ఉంటాయి.

తరగతి గదిలో, ఇంట్లో

విడిపోవడం, నిరాదరణ, హింస చవిచూసిన పిల్లలకు ఏకాగ్రత కుదరకపోవడం సహజం. దానిని సోమరితనంగా భావించి దండించడం, సొంత పిల్లలతో పోల్చడం మేలు చేయవు. నిర్ణీత వేళకు భోజనం, నిద్ర, చదువు అలవాటైతే స్థిమితం ఏర్పడుతుంది. బిడ్డ పరిస్థితిని తరగతి ఉపాధ్యాయులకు అవసరమైనంత మేరకే తెలపాలి. కుటుంబ వృక్షం గీయడం, అమ్మానాన్నల గురించి వ్యాసం రాయడం వంటి అభ్యాసాలు నొప్పించే అవకాశం ఉందని వారికి ముందే సూచించవచ్చు.

సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు వెల్లడయ్యేలా పేరు, బడి, ఫొటో వంటివి ప్రచార, ప్రసార మాధ్యమాల్లో ప్రచురించడాన్ని బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. సామాజిక మాధ్యమాల్లో ఫొటోలు పంచుకునే అలవాటున్న కుటుంబాలు దీనిని గుర్తుంచుకోవాలి.

ఆకాంక్షలకు చోటు

పిల్లలకు సంబంధించిన నిర్ణయాల్లో వారి మాట వినాలన్నది బాల న్యాయ చట్టం ప్రకటించిన మూల సూత్రాల్లో ఒకటి. ‘త్వరగా సంపాదన మొదలైతే చాలు’ అన్న తలంపుతో అందుబాటులోని ఏదో ఒక కోర్సులో చేర్పించడం ఆ సూత్రానికి విరుద్ధం. ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐ దారుల్లో దేనికి ఎంత కాలం, ఎంత ఖర్చు అవుతుందో వివరించి, నిర్ణయంలో బిడ్డను భాగస్వామిని చేయాలి. బడికి దూరమైనవారు 14 ఏళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పదో తరగతి పూర్తి చేయవచ్చు. బిడ్డ వెల్లడించిన లక్ష్యాన్ని వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో నమోదు చేయించడం మేలు. అలా చేస్తే సంరక్షకులు మారినా ఆ లక్ష్యం మరుగున పడదు.

పద్దెనిమిదేళ్ల తర్వాత

పద్దెనిమిదేళ్లు నిండడంతో ఫోస్టర్ కేర్ ముగుస్తుంది. ఉన్నత విద్య మొదలయ్యేది కూడా అప్పుడే. సంరక్షణ సంస్థలను వీడే యువతకు ఆర్థిక సహాయం అందించే వీలు 46వ సెక్షన్‌లో ఉంది. తమ ఇంట పెరిగినవారికి ఏ పథకం వర్తిస్తుందో పోషక కుటుంబాలు కనీసం ఏడాది ముందుగానే విచారించాలి. ఉపకార వేతనాలకు అవసరమైన బ్యాంకు ఖాతా, ఆధార్, కుల, ఆదాయ ధ్రువపత్రాలను ఆలోగా సిద్ధం చేసుకోవాలి. వీలైతే ఆ తర్వాత కూడా సెలవులకు వచ్చేందుకు, సలహా అడిగేందుకు తమ ఇంటి తలుపు తెరిచే ఉంచడం ఆ యువతకు కొండంత అండ.

ఎవరిని సంప్రదించాలి?

మిషన్ వాత్సల్య కింద అర్హత గల పిల్లలకు నెలకు రూ.4,000 సహాయం అందుతుంది. పోషక కుటుంబంగా నమోదు, ఆర్థిక సహాయం, బడిలో ప్రవేశ సమస్యలపై జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని సంప్రదించవచ్చు. అత్యవసర సహాయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 అందుబాటులో ఉంది.