పదకొండు మిల్లీగ్రాములు

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ ల్యాబ్‌లో మేం నేర్చుకున్న అసలు విద్య, జవాబు నుంచి వెనక్కి లెక్కకట్టి రీడింగులు రాయడం. బ్యూరెట్‌లో నిజంగా ఎంత దిగిందన్నది తర్వాతి సంగతి, రికార్డులో మాత్రం విలువలన్నీ ముచ్చటగా కలిసేవి. పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ అంటూ శాస్త్రీయ పద్ధతి మెట్లను పరీక్షలో వరసగా రాసి మార్కులు తెచ్చుకున్నదీ మేమే. ఆ రెంటికీ పొసగదని చాలా ఏళ్ళ తర్వాత, ఆర్గాన్ కథ చదివాక గానీ నాకు తట్టలేదు.

లార్డ్ రేలీ ఇంగ్లండ్‌కి చెందిన భౌతిక శాస్త్రవేత్త. వాయువుల సాంద్రతలను వీలైనంత కచ్చితంగా కొలవాలని కూర్చున్నాడు. మెరుపులేమీ లేని పని. గాజు బుడ్డిలోంచి గాలి తోడెయ్యడం, తూచడం, వాయువు నింపడం, మళ్ళీ తూచడం. నైట్రోజన్ దగ్గరికొచ్చేసరికి రెండు దారుల్లో చేసి చూశాడు. ఒకటి, గాలిని ఎర్రగా కాలిన రాగి మీదుగా పంపి ఆక్సిజన్‌ని తీసెయ్యడం. రెండోది, గాలిలో అమ్మోనియా కలిపి పంపడం. ఇందులో నైట్రోజన్ కొంత గాలి నుంచి, కొంత అమ్మోనియా నుంచి వస్తుంది. రెండోది తేలిగ్గా తూగింది. తేడా వెయ్యిలో ఒక వంతు.

నేనైతే రౌండాఫ్ చేసేవాణ్ణి. రేలీ 1892లో నేచర్ పత్రికకి ఉత్తరం రాశాడు, నాకు అంతుపట్టడం లేదు, రసాయన శాస్త్రం తెలిసినవాళ్ళు ఎవరైనా కారణం చెప్పండని. అప్పటికే పేరున్న మనిషి!

నాకు ఇంతకన్నా నచ్చింది ఆయన చేసిన ఇంకో పని. తేడాను తగ్గించే ప్రయత్నం మాని, పెంచి చూశాడు. గాలి బదులు శుద్ధమైన ఆక్సిజన్ వాడితే నైట్రోజన్ మొత్తం అమ్మోనియా నుంచే వస్తుంది కదా. అలా చేస్తే తేడా 200లో ఒక వంతుకు పెరిగింది. గాలి నుంచి తీసినది బుడ్డెడు 2.310 గ్రాములు, రసాయనాల నుంచి తీసినది 2.299. మా ఆఫీసులో అప్పుడప్పుడూ ఫెయిలయ్యే టెస్టుని మళ్ళీ రన్ చేసి, పచ్చరంగు రాగానే ముందుకెళ్ళిపోతాం. ఆ టెస్టు ప్రతిసారీ ఫెయిలయ్యేలా చేద్దామని ఎవరికీ అనిపించదు.

తేలిక వాయువులో హైడ్రోజన్ కలిసిందా? బరువైనదాంట్లో కావాలని హైడ్రోజన్ కలిపి, శుద్ధిచేసి తూచాడు. బరువు మారలేదు. తేలికదానిలో నైట్రోజన్ అణువులు విడిపోయాయా? దాన్ని ఎనిమిది నెలలు దాచి మళ్ళీ తూచాడు. అదీ మారలేదు. తేడా తేలిక వాయువులో కాదు, గాలి నుంచి తీసినదాంట్లోనే ఏదో ఉంది.

ఆ ఏదో ఒకరికి కనిపించింది కూడా. 1785లో హెన్రీ కావెండిష్ గాలికి ఆక్సిజన్ కలిపి, విద్యుత్ మెరుపులు పంపి, నైట్రోజన్ అంతటినీ పోగొట్టాలని చూశాడు. ఎంత చేసినా చిన్న బుడగ మిగిలింది. నైట్రోజన్‌లో 120వ వంతుకు మించదని రాసిపెట్టాడు. ఆ వాక్యం వందేళ్ళకు పైగా అలాగే పడి ఉంది.

రేలీ ఆ ప్రయోగాన్నే మళ్ళీ చేశాడు. విలియం రామ్సే వేడి మెగ్నీషియంతో నైట్రోజన్‌ని పీల్చేయించాడు. ఇద్దరికీ మిగిలింది ఒకటే, దేంతోనూ కలవని కొత్త వాయువు. 1894 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రకటించారు. గ్రీకులో సోమరి అనే అర్థమొచ్చేలా ఆర్గాన్ అని పేరు పెట్టారు. మనం పీల్చే గాలిలో దాదాపు ఒక శాతం అదే.

మెండెలీవ్ వెంటనే ఒప్పుకోలేదు. ఆయన పట్టికలో దానికి చోటు లేదు, మూడు పరమాణువుల నైట్రోజన్ అయ్యుంటుందన్నాడు. మొండితనం అనలేం, ఆ పట్టిక అప్పటికే ఎన్నో పరీక్షలకు నిలిచింది. 1898లో నియాన్, క్రిప్టాన్, జెనాన్ కూడా దొరికాయి. చివరికి పట్టికలోనే ఒక కొత్త వరస చేర్చాల్సి వచ్చింది.

నా ల్యాబ్ రికార్డు ఊళ్ళో అటక మీద ఇంకా ఉంది. మొన్న దింపి చూశాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్క రీడింగులో కూడా తేడా లేదు.