మూత్రపు సంచి: ఇంటివద్ద పాటించవలసిన జాగ్రత్తలు

ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రం బంధించినవారికి, పక్షవాతంతో మంచం పట్టినవారికి, వెన్నుపాముకు దెబ్బ తగిలినవారికి వైద్యులు మూత్రాశయంలోనికి మెత్తని గొట్టం అమర్చి, దానికి ఒక సంచిని తగిలిస్తారు. గొట్టాన్ని కాథెటర్ అనీ, సంచిని యూరిన్ బ్యాగు అనీ వ్యవహరిస్తారు. రోగి ఇల్లు చేరిన తరువాత దీని సంరక్షణ భారం కుటుంబసభ్యులదే. అశ్రద్ధ వలన సూక్ష్మజీవులు మూత్రాశయంలో చేరి, అక్కడినుండి మూత్రపిండాలకు, రక్తానికి పాకితే ప్రాణాపాయం కలుగవచ్చు.

సంచిని ఉంచవలసిన చోటు

సంచి ఎల్లప్పుడూ మూత్రాశయం కంటె దిగువన ఉండాలి. పైకెత్తితే మూత్రం వెనుకకు మళ్లుతుంది. అయితే నేలను తాకరాదు. నులకమంచం ఎత్తు తక్కువైతే శుభ్రమైన బకెట్టులో ఉంచవచ్చు. చాపమీద పడుకొనే రోగికి మంచం ఏర్పాటు చేయడం ఉత్తమం. బస్సులోనో ఆటోలోనో ప్రయాణించేటప్పుడు సంచిని రోగి ఒడిలో గాని పొట్టపై గాని పెట్టకూడదు.

గొట్టాన్ని తొడకు ప్లాస్టరుతో కొంచెం వదులుగా అంటించాలి. లోపలి కొనవద్ద నీటితో నింపిన చిన్న బుడగ ఉంటుంది కనుక గొట్టాన్ని లాగితే మూత్రనాళం చిట్లి రక్తస్రావమవుతుంది.

ఖాళీ చేసే విధానం

సాధారణ సంచిలో 2 లీటర్లు పడుతుంది. సగానికి మించి నిండకముందే ఖాళీ చేయాలి. ముందుగా చేతులు సబ్బుతో కడుగుకొని, అడుగున ఉన్న మరను తెరచి, విడిగా ఉంచుకొన్న పాత్రలోనికి వదలాలి. మర పాత్ర అంచును తాకరాదు. మూసిన తరువాత మరల చేతులు కడుగుకోవాలి. గొట్టమూ సంచీ కలిసే చోటును అనవసరంగా విడదీయరాదు. సూక్ష్మజీవులు ప్రవేశించే ప్రధాన ద్వారాలలో అది ఒకటి.

సంచిని సాధారణంగా వారానికొకసారి మార్చాలి. కారినా, దుర్వాసన వచ్చినా ముందే మార్చాలి. పాత సంచిని ఖాళీచేసి కాగితంలో చుట్టి పారవేయాలి, కాల్చరాదు. కాథెటర్‌ను వైద్యుడు చెప్పిన తేదీకి ఆసుపత్రిలోనే మార్పించాలి. పూర్తి సిలికోన్ గొట్టమైనా 12 వారాలకు మించి ఉంచరాదు. రబ్బరు గొట్టానికి గడువు ఇంకా తక్కువ.

రోజూ చేయవలసినవి

గొట్టం బయటకు వచ్చే చోటును రోజూ సబ్బునీటితో కడగాలి. స్త్రీలకు ముందునుండి వెనుకకు తుడవాలి. పురుషులకు ముందోలు వెనుకకు జరిపి కడిగినచో దానిని తిరిగి యథాస్థానానికి తేవడం మరువరాదు. పౌడరు, నూనె పూయరాదు. గుండె, మూత్రపిండాల వ్యాధులవలన వైద్యుడు నీరు తగ్గించమని చెప్పనిచో రోజుకు సుమారు 2 లీటర్ల ద్రవాలు తాగించాలి. మలబద్ధకం గొట్టంపై ఒత్తిడి తెచ్చి మూత్రాన్ని ఆపగలదు కనుక పీచు కలిగిన ఆహారం ఇవ్వాలి.

ప్రమాద సూచనలు

మూత్రం రాకపోతే ముందు గొట్టం మెలిక పడినదా, రోగి శరీరం కింద నలిగినదా చూడాలి. సరిచేసినా రాక, పొత్తికడుపు ఉబ్బితే ఆలస్యం చేయరాదు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తపు గడ్డలు, వృద్ధులలో హఠాత్తుగా మతి తప్పడం కనిపించినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. మెడ లేదా ఛాతీ పైభాగంలో వెన్నుపాము దెబ్బతిన్నవారికి గొట్టం మూసుకుపోతే రక్తపోటు ఒక్కసారిగా పెరిగి తీవ్రమైన తలనొప్పి, చెమటలు వస్తాయి. అటువంటివారిని కూర్చుండబెట్టి, మెలిక సరిచేసి, తక్షణమే 108 వాహనాన్ని పిలవాలి.

మన ప్రాంతీయులకు ఒక సూచన

పొరుగు రాష్ట్రపు ఆసుపత్రిలో ఇచ్చే చీటీ కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ లేదా ఇంగ్లీషులో ఉండవచ్చు. ఇంటికి బయలుదేరే ముందే గొట్టం వేసిన తేదీ, మార్చవలసిన తేదీ, గొట్టం రకం, దాని సైజు నంబరు, బుడగలో నింపిన నీటి పరిమాణం అడిగి తెలుగులో రాసుకొని మంచం దగ్గర ఉంచాలి. అర్ధరాత్రి వేరొక ఆసుపత్రికి పోవలసివచ్చినప్పుడు ఆ కాగితమే వైద్యునికి దారి చూపుతుంది.